కార్డిలైన్ మొక్కలు: రెండు ఎండకాలాలు చూసినంక రాస్తున్న రివ్యూ

పోయినేడు సంక్రాంతి అయిన వారానికి మా నల్గొండ టౌన్ బయట ఒక నర్సరీల ఏడు కార్డిలైన్ మొక్కలు కొన్న, రంగు రంగుల పొడుగాకుల కోసం పెంచే మొక్కలు ఇవి. అండ్ల కివి అనే రకం రెండు, ఒక్కోటి 220. రెడ్ సిస్టర్ రెండు, చాక్లెట్ రంగుది రెండు, ఇవి ఒక్కోటి 150. చిన్నాకుల బేబీ డాల్ ఒకటి 120. మొత్తం 1160 అయితే బేరమాడి 1100కు తెచ్చిన, ఆటో కిరాయి వేరే. ఇప్పుడు అండ్ల ఐదు బతికున్నయి. పోయిన రెండిట్ల ఒకటి నా తప్పు, ఇంకోటి నర్సరీ ఆయన తప్పు, ఆ లెక్క కింద చెప్త. నర్సరీ పేరు మాత్రం రాయను, మనిషి మోసగాడేం కాదు, మాట మంచిదే, కాకపోతే తను అమ్మే మొక్క మన ఊరి నీళ్లకు ఎట్ల ఉంటదో ఆయనకే తెల్వదు.

మొదటి గడబిడ పేరుతోనే. ఆకు పొడుగ్గ, రంగుగ ఉంటే చాలు ఆయనకు అన్నీ డ్రసీనాలే. "ఇది రెడ్ డ్రసీనా అమ్మా, ఇది పింక్ డ్రసీనా, ఇంట్ల పెట్టుకో, బయట పెట్టుకో, యాడనన్నా నడుస్తది" అన్నడు. అండ్ల పనిచేసే పిలగాడు టెర్మినాలిస్ అన్నడు, అది కార్డిలైన్‌కు పాత పేరు, ఇప్పుడు ఫ్రూటికోసా అంటున్నరు. కార్డిలైన్, డ్రసీనా రెండూ ఒక్క కుటుంబమే కాబట్టి చూడనీకి అక్కాచెల్లెండ్ల లెక్కనే ఉంటయి గానీ వేరు చూస్తే ఇట్టే దొరికిపోతయి, కార్డిలైన్ వేరు తెల్లగ ఉంటది, డ్రసీనా వేరు పసుపు, నారింజ మధ్యల ఉంటది. ఆకు కూడా చూడుర్రి, కార్డిలైన్ ఆకుకు పసుపు మొక్క ఆకు లెక్క కింద కాడ ఉంటది, డ్రసీనా ఆకు చానా వరకు కాండానికే అతుక్కొని ఉంటది. ఇంత ఎందుకు చెప్తున్ననంటే డ్రసీనాకు నాలుగు రోజులు నీళ్లు మరిచినా ఊకుంటది, కార్డిలైన్ ఊకోదు, దానికి మట్టి ఎప్పుడూ జర తడిగుండాలె, అట్లని నీళ్లు నిలవద్దు. ఆయన డ్రసీనా అన్నడని నేను నెట్‌ల డ్రసీనా గురించి చదువుకుంట మొదటి నెల అంత మొక్కల్ని ఎండపెట్టిన.

మొక్కలైతే కండ్లు చెదిరేటట్టు ఉండె, అది ఒప్పుకోవాలె. మన దిక్కు నర్సరీలకు చానా మటుకు సరుకు కడియం నుంచే వస్తది, డీసీఎంల లోడు దిగిన రోజు పోతే తాజాగ, ఆకు చిరగకుంట దొరుకుతయి, నేను లోడు దిగిన తెల్లారి పోయిన. కొత్త ఆకు వచ్చేటప్పుడు చూడాలె అసలు. నడుమల నుంచి చుట్ట చుట్టినట్టు గుండ్రంగ, గట్టిగ, గులాబి రంగు పుల్ల లెక్క లేస్తది, రెండు మూడు రోజులు అట్లనే ఉంటది, ఒక పొద్దున చూసేసరికి సగం విప్పుకొని లోపలి దిక్కు ఇంకా తడి తడిగ మెరుస్తుంటది. రెడ్ సిస్టర్ అయితే కొత్తాకు ఫుల్ గులాబి, పాతాకులు ముదురు ఎరుపు, రెండూ ఒక్క చెట్టు మీదనే. మా పక్కింటి వదిన పూలు అనుకొని "ఏం పూలమ్మా ఇవి, వాడిపోతనే లేవు" అని అడిగింది. ఈ మొక్కలు పసిఫిక్ దీవుల దిక్కు, హవాయిల, ఇంటి చుట్టూ పెడితే కీడు రాదని నమ్మకమట, గది విన్న కాడికెల్లి మా అత్తమ్మ ఒకటి గేటు పక్కకు జరిపించింది. గేటు కాడ పడమటి ఎండ నేరుగ పడతది, గా సంగతి తర్వాత.

ఫిబ్రవరి ఆఖరు వరకు అంత బాగనే ఉంది. మార్చి వచ్చేసరికి ఆకుల కొసలు మాడుడు షురువైంది. మాడుడంటే అంత ఒక్కతీరుగ కాదు, కొసకు అగ్గిపుల్లతోని అంటించినట్టు గోధుమ రంగు, దాని ఎనుక సన్నగ పసుపు గీత, ఆ ఎనుక మంచి ఆకు. వేలితోని పడితే కొస అప్పడం లెక్క ఇరిగిపోతది. మొదట నీళ్లు తక్కువైనయి అనుకొని పొద్దుమాపు పోసిన, ఇంకా ఎక్కువైంది. ఎండ అనుకొని నీడకు జరిపిన, మాడుడు ఆగలేదు గానీ రంగు పోయి ఆకుపచ్చకు తిరిగినయి. నర్సరీ ఆయనకు ఫోన్ చేస్తే "ఎరువు ఏయి అమ్మా, బలం లేదు దానికి" అన్నడు. సరే అని మా బాపు పత్తికి తెచ్చిన సూపర్ ఫాస్ఫేట్ ఎరువు సంచిల నుంచి తలా ఒక చెంచ ఏసిన. పది రోజుల్ల బేబీ డాల్ ఆకులు కొసల నుంచి సగం దాకా కాలిపోయినయి, నెలకు మొక్కే పోయింది. గదే నా తప్పు అన్నది.

మా తమ్ముడు అగ్రికల్చర్ బీఎస్సీ. ఉగాదికి వచ్చి కుండీల దిక్కు చూసి నవ్విండు. "అక్కా, నల్గొండల పుట్టినదానివి, నీళ్లు చూస్తే తెల్వదా నీకు? ఇది ఫ్లోరైడ్" అన్నడు. నిజం చెప్తున్న, నాకు నోట్లెకెల్లి మాట రాలేదు. మా అమ్మగారి ఊరు మర్రిగూడ దిక్కు. నడుము వంగిపోయి నేల చూసుకుంట నడిచే తాతలను, పండ్లు పసుపు పట్టిన పిల్లలను చూసుకుంటనే పెరిగిన. మనుషులను వంచిన నీళ్లు మొక్కను ఏం చెయ్యయి అని ఎట్ల అనుకున్ననో ఏమో.

వాడు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్న. మొక్క వేరుతోని నీళ్లు గుంజుకుంటది, నీళ్లతోని ఫ్లోరైడ్ కూడా పైకి పోతది. ఆకుల నుంచి నీళ్లు ఆవిరై పోతయి, ఫ్లోరైడ్ పోదు, ఆకు కొసన, అంచున పేరుకుంటది, పేరుకొని పేరుకొని అక్కడి కణాలను చంపుతది. అందుకే మాడుడు ఎప్పుడూ కొస నుంచే షురువైతది, నడుమల నుంచి కాదు. టమాట, వంకాయకు ఇదంత పట్టది గానీ కార్డిలైన్, డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటివాటికి చానా సున్నితం, అండ్ల బేబీ డాల్ అయితే మరీ. మన దేశంల తాగే నీళ్లకు లీటరుకు 1 మిల్లీగ్రామ్ లోపే ఉండాలె, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్వాలేదు అంటరు. అమెరికాల చానా ఊర్లల్ల పండ్లు పుచ్చొద్దని నల్లా నీళ్లల్ల లీటరుకు 0.7 మిల్లీగ్రామ్ ఉండేటట్టు కావాలనే కలుపుతరట, గంతకే అక్కడోళ్లు మా డ్రసీనా కొసలు మాడుతున్నయి అని మొత్తుకుంటరట. ఇగ మన బోర్లు ఎంత. ఇంకో సంగతి, సూపర్ ఫాస్ఫేట్‌ల కూడా ఫ్లోరైడ్ ఉంటది, అది రాక్ ఫాస్ఫేట్ నుంచి చేస్తరు కాబట్టి. అంటే నేను మొక్కకు బలం అని చెంచతోని విషం పెట్టిన.

నీళ్లు కాగబెట్టి చల్లార్చి పోస్తే పోతదా అని అడిగిన. పోదు, నీళ్లు ఆవిరైపోయి ఉన్నది ఇంకా చిక్కనైతది అన్నడు. రాత్రి బకెట్ల పెట్టి పొద్దున పోస్తే క్లోరిన్ పోతది, ఫ్లోరైడ్ పోదు. 1970లల్ల నాగపూర్‌ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తోని ఫ్లోరైడ్ తీసే పద్ధతి చేసి దానికి మన జిల్లా పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని, అది చేద్దామా అంటే "ఏడు కుండీలకు ఫ్యాక్టరీ పెడ్తవా అక్కా" అన్నడు. అన్నిటికంటే నాకు మండింది ఇది: మేము తాగే నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ మిషన్ నుంచి బయటకు పోయే నీళ్లు పారబొయ్యకుంట పట్టి మొక్కలకే పోస్తుంటిమి, నీళ్లు ఆగం చెయ్యొద్దు అని. బోరు నీళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్‌ను మిషన్ ఆపి ఆ బయటి పైపులనే కదా తోసేది, అంటే మామూలు బోరు నీళ్లకంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లను ఏరి ఏరి కార్డిలైన్‌కు పోసిన నేను. మీ ఇంట్ల కూడా పోస్తుంటే ఇయ్యాలనే ఆపుర్రి, ఆ నీళ్లతోని వాకిలి కడుక్కోర్రి, బాత్రూం కడుక్కోర్రి.

ఉగాది నుంచి బోరు నీళ్లు బంద్ పెట్టిన. పొద్దున నల్లా వస్తది కదా, అవి కృష్ణ నీళ్లు, బోరుతోని పోలిస్తే నయం, రెండు క్యాన్లు మొక్కలకని పక్కకు పెడుతున్న. ఏసీ పైపు కింద బకెట్ పెట్టిన, ఆ నీళ్లల్ల ఏ ఉప్పూ ఉండది, కార్డిలైన్‌కు కమ్మగ పడతయి. కాకపోతే గమ్మత్ ఏందంటే మే నెలల మన గాలి పొడిగుంటది కాబట్టి ఏసీ నుంచి చెంబెడు కూడా రావు, వానకాలం ఉక్కపోతకు బకెట్ నిండుతది, అప్పుడేమో బంగ్లా మీదికెల్లి వాన నీళ్లే డ్రమ్ముల నిండుతయి. మట్టి కూడా మార్చిన: ఎర్రమట్టి రెండు పాళ్లు, కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొడి రెండు పాళ్లు, మాగిన పెంట ఎరువు ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, తమ్ముడు చెప్పినట్టు కుండీకి ఒక చెంచ డోలమైట్ పొడి. డోలమైట్‌ల కాల్షియం ఉంటది, అది ఫ్లోరైడ్‌ను మట్టిలనే పట్టి ఉంచుతదట. మట్టి గుల్లగుండనీకి కలిపే తెల్లటి పెర్లైట్ గింజలు వద్దన్నడు, అండ్ల కూడా ఫ్లోరైడ్ ఉంటదట. మాడిన కొసలు మళ్ల పచ్చగ కావు, కత్తెరతోని ఆకు ఆకారానికి వంపుగ కత్తిరించిన, కొత్తగ వచ్చిన ఆకులకు మళ్ల ఎండకాలం వచ్చేదాకా మచ్చ లేకుండె.

ఇగ నర్సరీ ఆయన తప్పు చెప్త. మట్టి మార్చేటప్పుడు ఒక కివిని కవర్ నుంచి తీస్తే లోపల ఎర్రటి బంకమట్టి ముద్ద, గచ్చు లెక్క గట్టి. నీళ్లు పోస్తే ముద్ద పక్కలకెల్లి జారి కిందికి పోతున్నయి, లోపలికి దిగుతలేవు. పైన కుండీ మట్టి తడి, లోపల ముద్ద పొడి. చాకుతోని చీరితే వేర్లు ముద్ద లోపలనే గుండ్రంగ తిరిగి సగం ఎండిపోయి ఉన్నయి. బకెట్ల నానబెట్టి, మట్టి కడిగి మళ్ల పెట్టిన గానీ ఆలస్యమైంది, బతకలే. దూరం నుంచి డీసీఎంల ఎక్కించి తెచ్చేటప్పుడు ముద్ద ఇరగొద్దని గట్టి మట్టి పెడతరు, అది వాళ్ల బాధ, కానీ "ఇంటికి పోయినంక ముద్దను నీళ్లల్ల నానబెట్టి వదులు చేసి పెట్టుకో" అని ఒక్క మాట చెప్తే ఏం పోతది. అడగంది అమ్మైనా పెట్టదంటరు, నిజమే, కానీ ఏం అడగాల్నో కొనేటోనికి తెల్వాలె కదా.

ఎండ సంగతి. రోహిణి కార్తెల రోళ్లు పగులుతయి అంటరు, మన నల్గొండల ఆ మాట నిజంగనే చూస్తం, 44, 45 డిగ్రీలు. ఈ మొక్క పుట్టింది వానలు, తేమ ఉన్న దేశాలల్ల, మన వడగాలి దానికి పడది. అత్తమ్మ గేటు కాడ పెట్టించిన రెడ్ సిస్టర్ రెండు రోజులల్ల ఉడకబెట్టిన ఆకు లెక్క తెల్లబడి వేలాడింది, "కీడు మనకు రాలే, దానికొచ్చింది" అన్నడు మా ఆయన. అది ఎట్లనో కోలుకుంది. ఇప్పుడు అన్నీ తూర్పు దిక్కు, జామ చెట్టు కింద, పొద్దున పది దాకా ఎండ తగిలేటట్టు, ఏప్రిల్ నుంచి మృగశిర దాకా పైన గ్రీన్ నెట్. అట్లని మొత్తం నీడల పెట్టిన్రనుకో రంగు దిగుతది, ఇంట్ల హాల్ మూలకు పెట్టి రంగు రావాలంటే రాదు. రంగు బాగ చూడాలంటే సలికాలమే, పొద్దటి చలికి చాక్లెట్ రకం దాదాపు నల్లగైతది.

ఎండకాలం పొడికి ఎర్రనల్లి కూడా పట్టింది, ఆకు కింద దిక్కు సన్నటి దుమ్ము లెక్క ఉంటది, తెల్లటి కాగితం మీద ఆకును తట్టితే చుక్కలు నడుస్తయి. పొద్దున పైపుతోని ఆకు కింద నీళ్లు కొట్టినా సగం పోతది, మిగిలినదానికి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టిన. కాడల సందులల్ల పిండినల్లి వస్తే పాత టూత్‌బ్రష్‌తోని రుద్దుడే. కుక్క, పిల్లి ఉన్నోళ్లు జాగ్రత్త, ఆకు నమిలితే వాటికి కక్కులు పెడతది.

రకాల లెక్కన చెప్పాలంటే, మన దిక్కు ఏదన్న ఒక్కటే కొంట అంటే చాక్లెట్ రంగుది కొనుర్రి, ఆకు దొడ్డుగ ఉంటది, కొస మాడినా ముదురు రంగుల కలిసిపోయి అంత కనపడది. రెడ్ సిస్టర్ అందరి కంట్ల పడేది, జర చూసుకోవాలె. కివి పోటోలల్ల మస్తుంటది, ఆకుపచ్చ, మీగడ రంగు గీతలు, గులాబి అంచు, కానీ ఆ లేత గీతలే ముందు మాడుతయి, 220 పెట్టి బాధ కొనుక్కున్నట్టు. బేబీ డాల్ బోరు నీళ్ల ఇంట్ల వద్దే వద్దు.

నాకు ఈ మొక్కల ఎక్కువ నచ్చింది కొమ్మలతోని పిల్లలు చేసుడు. జూలైల ఒక రెడ్ సిస్టర్ కింద ఆకులు రాలి బోడిగ, మూడు జానల పొడుగు అయింది. తల జానెడు కోసి నీళ్ల సీసల పెట్టిన, ఆకులు సగానికి కత్తిరించి, మూడు వారాలకు తెల్లటి వేర్లు వచ్చినయి. మిగిలిన కాండాన్ని వేలంత ముక్కలు చేసి తడి కోకోపీట్ మీద పండబెట్టి సగం పూడ్చిన, ఏడు ముక్కలల్ల ఐదింటికి నెలన్నరకు కన్ను పగిలి బఠానంత గులాబి మొలక వచ్చింది. కింద మిగిలిన మొద్దు కూడా రెండు దిక్కుల చిగురు పెట్టింది. అంటే 150 పెట్టి కొన్నదానికి ఏడు మొక్కలు. పక్కింటి వదినకు రెండిచ్చిన, ఆమె బతుకమ్మ నాడు పళ్లెం చుట్టూ పేర్చనీకి ఆకులు తెంపుకపోయింది, నా చెట్టువి, తనవి కాదు.

మధ్యల ఒకపారి ఆన్‌లైన్‌ల నాలుగు మిక్స్ రంగులు 799కి తెప్పించిన, పేరు వద్దు. ఫోటోల గులాబి, వచ్చినవి మూడు ఆకుపచ్చ, ఒకటి మాత్రమే అంచుకు జర ఎరుపు. అడిగితే లైట్ పడితే రంగు వస్తది అన్నరు. ఏడు నెలలాయె, వస్తనే ఉంది. అందుకే చెప్తున్న, రంగు మొక్క కండ్లతోని చూసి కొనుడే.

ఆ లెక్కన మా నర్సరీకి ఐదుకు మూడున్నర ఇస్త. సరుకు తాజా, ధర న్యాయం, నెట్ కింద నీడల పెడతడు, గల్లీల లోపల ఉండకుంట రోడ్డు మీదనే కాబట్టి ఆటో దొరుకుతది. కోసేసిన మార్కులు పేర్లు తప్పు చెప్పినందుకు, ఆ మట్టిముద్దకు, బలం లేదు ఎరువు ఏయి అన్నందుకు. మొన్న మృగశిర అయినంక మళ్ల పోయిన, చాక్లెట్ రకం ఇంకో రెండు కావాలని. కవర్ కింద చీరి వేరు చూపియ్యి అన్న. "ఇన్నేండ్లల్ల ఇట్ల అడిగింది నువ్వొక్కదానివే అమ్మా" అని ఎగాదిగా చూసిండు గానీ చీరిండు, తెల్ల వేర్లు, మట్టి మెత్తగనే ఉంది. సూపర్ గురించి, ఆర్‌ఓ నీళ్ల గురించి చెప్పిన, తలకాయ ఊపుకుంట విన్నడు, అంతల ఎవరో కస్టమర్ వచ్చి కివి పట్టుకొని ఇది ఇంట్ల ఉంటదా అని అడిగితే "యాడనన్నా నడుస్తది అమ్మా, డ్రసీనా ఇది" అన్నడు. నా రెండిటికి 20 తగ్గించి 280 తీసుకుండు.